ఎండాకు తెగులును తానే పసిగట్టే వరి: గ్రాహక ప్రోటీన్ల బలాన్ని కయ్యలో వాడుకోవడం ఎలా

వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు కనిపించాక చేయగలిగింది కొద్దిగానే ఉంటుంది. కనిపించక ముందు చేయగలిగింది చాలా ఉంటుంది, అందులోనూ పెద్ద భాగం విత్తనం ఎంచుకునే నాడే తేలిపోతుంది. ఈ తెగులును నమ్మకంగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. అయితే కొన్ని వరి రకాల్లో, బాక్టీరియా ఆకులోకి వచ్చిందని గుర్తుపట్టి మొక్క రక్షణ ఏర్పాట్లను కదిలించే ప్రోటీన్లు ఉన్నాయి. వాటినే గ్రాహక ప్రోటీన్లు అంటారు. అవి ఎలా పనిచేస్తాయో, ఎక్కడ పనిచేయవో తెలిసిన రైతు విత్తనాల దుకాణంలో అడిగే ప్రశ్న మారుతుంది, యూరియా చల్లే తీరు మారుతుంది, నారు పీకే రోజు చేసే పని కూడా మారుతుంది. పెన్నా డెల్టాలోనూ, సాగర్ కుడి కాలువ కింద ప్రకాశం జిల్లాలోనూ వరి వేసేవారి కోసం ఆ వివరాలను ఇక్కడ క్రమంగా చెబుతున్నాను.

ముందు తెగులును తేల్చుకోండి

గ్రాహక ప్రోటీన్ ఉన్న రకం ఒక్క తెగులుకే పనికి వస్తుంది కాబట్టి మీ కయ్యలో ఏటా ఆకులు ఎండడానికి కారణం ఆ తెగులేనా అన్నది మొదట తేలాలి. ఎండాకు తెగులు ఆకు కొన నుంచి గానీ అంచు నుంచి గానీ మొదలవుతుంది. మొదట నీటితో తడిసినట్టున్న చార కనిపించి, అది పసుపు రంగుకు, ఆ తరువాత ఎండుగడ్డి రంగుకు మారుతూ కిందికి దిగుతుంది. ఎండిన భాగానికీ పచ్చని భాగానికీ మధ్య అంచు తిన్నగా ఉండదు, అలలు అలలుగా ఉంటుంది. తెల్లవారగానే గెనిమ మీద కూర్చుని మచ్చ ఉన్న ఆకును దగ్గరగా చూస్తే అంచు వెంట పాలవంటి లేదా లేత పసుపు రంగు బిందువులు కనిపిస్తాయి. ఎండెక్కాక అవి గట్టిపడి, చేతితో తాకితే రాలిపోతాయి. ఆ బిందువుల్లో ఉన్నది బాక్టీరియానే.

అనుమానం తీరకపోతే గాజు గ్లాసు పరీక్ష చేయవచ్చు. మచ్చ, పచ్చదనం కలిసే చోట ఆకును అడ్డంగా కత్తిరించి, కోసిన అంచు మునిగేలా తేటనీటిలో నిలబెట్టి, గ్లాసును వెలుతురుకు ఎదురుగా పట్టుకోవాలి. ఎండాకు తెగులే అయితే కొద్ది నిమిషాల్లో కోసిన చోటి నుంచి సన్నని మబ్బు ధార నీటిలోకి దిగుతుంది, కాసేపటికి నీరు కొద్దిగా తెల్లబడుతుంది. పొటాష్ లోపం వల్లో, చౌడు వల్లో ఎండిన ఆకు నుంచి ఏ ధారా రాదు. ఖర్చు లేని ఈ పరీక్షను మందుల దుకాణానికి వెళ్లే ముందు ప్రతి రైతూ చేసుకోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఆకు ఎండిందని చెప్పగానే శిలీంధ్రపు మందు చేతిలో పెట్టడం మామూలైపోయింది.

నాటిన మూడు నాలుగు వారాల్లోపు దుబ్బు దుబ్బే వాడిపోయి, ఆకులు బూడిద కలిసిన ఆకుపచ్చ రంగుకు మారి చుట్టుకుపోతే అది కూడా ఇదే తెగులు కావచ్చు, కాండం తొలుచు పురుగు కూడా కావచ్చు. మొవ్వును పట్టి లాగి చూడాలి. పురుగు కొరికిన మొవ్వు ఇట్టే ఊడి వస్తుంది, అడుగున కొరికిన గుర్తు ఉంటుంది. తెగులు వల్ల వాడిన పిలకను మొదలు దగ్గర కోసి వేళ్లతో నొక్కితే పసుపు రంగు జిగురు ద్రవం ఊరుతుంది. ఇక అగ్గితెగులు మచ్చ రెండు వైపులా మొనదేలి, మధ్యలో బూడిద రంగులో ఉంటుంది. అది శిలీంధ్రం వల్ల వచ్చేది, దాని లెక్క వేరు.

ఈ తెగులు వల్ల దిగుబడిలో 20 నుంచి 30 శాతం పోవడం సాధారణంగా చెప్పుకునే మాట. ఎకరాకు నాలుగు పుట్లు పండే కయ్యలో ఒక పుట్టి, అంటే మన లెక్కలో 850 కిలోలు, పోయినట్టే.

బాక్టీరియా వచ్చే దారి

తెగులును కలిగించేది జాంథోమోనాస్ ఒరైజే అనే బాక్టీరియా. జపాన్‌లోని ఫుకువోకా ప్రాంతంలో 1884లో రైతులు ఈ తెగులును మొదట గమనించారు. మన దేశంలో 1951లో మహారాష్ట్రలో గుర్తించారు, 1963లో బిహార్‌లో అది పెద్ద ఎత్తున పైరును దెబ్బతీసింది. వరి ఆకు అంచుల్లోనూ కొనలోనూ తెల్లవారుజామున నీటి చుక్కలు కారే సన్నని రంధ్రాలు ఉంటాయి. బాక్టీరియా ఆ రంధ్రాల ద్వారానో, ఆకు మీది గాయాల ద్వారానో లోపలికి వెళ్లి, నీటిని మోసే నాళాల్లో స్థిరపడి, అక్కడే పెరుగుతుంది. వాన చినుకుల వెంట, గాలి వెంట, కయ్య నుంచి కయ్యకు పారే నీటి వెంట అది ప్రయాణిస్తుంది.

మన జిల్లాల్లో ప్రధాన పంట అక్టోబరు, నవంబరు నెలల్లో మొదలై ఈశాన్య రుతుపవనాల మీదుగా సాగుతుంది కాబట్టి పైరు పిలకలు వేసే సమయానికే తుఫానులు వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వచ్చినటువంటి గాలివానల్లో ఆకులు ఒకదానితో ఒకటి రాసుకుని గాయపడతాయి, నీళ్లు గెనిమలు దాటి పారుతాయి, రోజుల తరబడి ఆకు తడి ఆరదు. ఈ బాక్టీరియాకు ఇంతకన్నా అనుకూలమైన వాతావరణం ఉండదు. పెద్ద పంటకు ముందు వేసే ఎడగారు పైరుకు ఈ పోటు అంత తీవ్రంగా తగలదు గానీ, ఎడగారు దుబ్బులు కయ్యలో అలాగే నిలిచి ఉంటే వాటిలోని బాక్టీరియా పెద్ద పంట నారుకు చేరే అవకాశం ఉంటుంది.

గ్రాహకం చేసే పని

మొక్కకు మనకున్నట్టు రక్తంలో తిరిగే రక్షణ కణాలు లేవు. ఆకులోని ప్రతి కణమూ తనను తానే కాపాడుకోవాలి. అందుకే కణం పై పొరలో గ్రాహక ప్రోటీన్లు నిలిచి ఉంటాయి. ఒక్కొక్క గ్రాహకంలో కొంత భాగం కణం బయటికి చాచుకుని ఉంటుంది, మధ్య భాగం పొరలో నాటుకుని ఉంటుంది, మిగిలిన భాగం కణం లోపల ఉంటుంది. బయటి భాగం బాక్టీరియాకు చెందిన ఏదో ఒక అణువును పట్టుకుంటుంది, లోపలి భాగం ఆ సంగతిని కణానికి చేరవేస్తుంది. మంచె మీది కాపలా మనిషి దొంగను తాను కొట్టడు, కేక వేసి ఊరిని లేపుతాడు. గ్రాహకం చేసేదీ అంతే, బాక్టీరియా మీద దాడి చేసేది ఆ కేక విన్న కణం.

వరిలో ఈ గ్రాహకాల్లో అందరికన్నా ముందు దొరికినది ఎక్స్‌ఏ21. దాని కథలో మన దేశానికీ భాగముంది. ఆఫ్రికాలోని మాలి దేశం నుంచి వచ్చిన ఒక అడవి వరి మొక్క, ఒరైజా లాంగిస్టామినాటా జాతిది, ఎండాకు తెగులును గట్టిగా తట్టుకుంటోందని 1970ల్లో కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో గమనించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గురుదేవ్ ఖుష్ బృందం ఆ గుణాన్ని సంకరణాల ద్వారా సాగు వరిలోకి తెచ్చి, ఆ జన్యువుకు ఎక్స్‌ఏ21 అని పేరు పెట్టింది. 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పమేలా రొనాల్డ్ బృందం ఆ జన్యువును విడదీసి చూసింది. అది 1,025 అమైనో ఆమ్లాలున్న గ్రాహక ప్రోటీన్‌ను తయారుచేస్తుందనీ, దాని బయటి భాగంలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండే ఒకే తరహా ముక్క 23 సార్లు వరుసగా వస్తుందనీ తెలిసింది. ఈగల్లో, ఎలుకల్లో ఇటువంటి పని చేసే గ్రాహకాల సంగతి ఆ తరువాతనే, 1996లోనూ 1998లోనూ, బయటపడింది. ఆ పనికి 2011లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ విషయంలో వరి ముందు నడిచిందన్న మాట మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా కొద్దిగానే కనిపిస్తుంది.

ఎక్స్‌ఏ21 దేనిని గుర్తుపడుతుందో తేలడానికి మాత్రం మరో ఇరవై ఏళ్లు పట్టింది. 2009లో ఒక ప్రోటీన్ పేరు చెప్పారు గానీ, అది నిలబడదని ఆ ప్రయోగశాలే గుర్తించి 2013లో ఆ ప్రకటనను వెనక్కు తీసుకుంది. 2015లో రాక్స్‌ఎక్స్ అనే చిన్న ప్రోటీన్ అసలు సంగతి అని నిరూపించారు. బాక్టీరియా దీన్ని తయారుచేసి, అందులోని టైరోసిన్ అనే ఒక అమైనో ఆమ్లానికి సల్ఫేటును అతికించి బయటికి వదులుతుంది. ఆ సల్ఫేటు లేకపోతే ఎక్స్‌ఏ21 కదలదు. మొక్కలు తమ వేళ్ల పెరుగుదల కోసం తయారుచేసుకునే ఒక హార్మోనును రాక్స్‌ఎక్స్ పోలి ఉంటుంది, బాక్టీరియా ఆ పోలికను తన ప్రయోజనానికి వాడుకుంటున్నట్టు కనిపిస్తుంది. అయినా ఎక్స్‌ఏ21 మొక్క సొంత హార్మోనును చూసి కదలదు, బాక్టీరియా వదిలిన దానికే కదులుతుంది. అంత కచ్చితంగా గుర్తుపట్టలేని గ్రాహకం మొక్కకు మేలు కన్నా కీడే చేస్తుంది, ఎందుకంటే రక్షణ ఏర్పాట్లన్నీ నిష్కారణంగా నడుస్తూ ఉంటే పైరు ఎదగదు, గింజ పాలు పోసుకోదు.

రాక్స్‌ఎక్స్ బయటి భాగానికి అంటుకోగానే ఎక్స్‌ఏ21 పక్కనే ఉండే మరో గ్రాహకం తోడుతో లోపలి భాగాన్ని పనిలోకి దింపుతుంది. ఆ లోపలి భాగం కైనేజ్ తరగతికి చెందినది, అంటే ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేటును అతికించి వాటి పనిని మార్చేది. బాక్టీరియా లేని వేళ దానిని అణచి ఉంచే ప్రోటీన్ ఒకటి ఉంది, పని ముగిశాక దానిని మళ్లీ చల్లార్చే ప్రోటీన్ మరొకటి ఉంది. సంకేతం కణ కేంద్రకానికి చేరాక రక్షణకు సంబంధించిన జన్యువులు పనిచేయడం మొదలుపెడతాయి, బాక్టీరియాకు పడని చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి, కణపు గోడలు గట్టిపడతాయి. ఫలితంగా బాక్టీరియా పూర్తిగా చావదు, దాని పెరుగుదల ఆగుతుంది. ఎక్స్‌ఏ21 ఉన్న రకంలోనూ ఆకు కొనలో చిన్న మచ్చ పడవచ్చు, కానీ అది ఆకు పొడవునా దిగకుండా అక్కడే నిలిచిపోతుంది. విత్తనం మోసమని రైతు అనుకునేది తరచుగా ఆ చిన్న మచ్చను చూసే. మచ్చ పడిందా అని కాక, అది కిందికి దిగుతోందా అని చూడాలి.

పరిశోధకులు రకాల బలాన్ని కొలిచేదీ అలాగే. బాక్టీరియా కలిపిన నీటిలో ముంచిన కత్తెరతో ఆకు కొనలు కత్తిరించి, రెండు వారాల తరువాత మచ్చ పొడవును స్కేలుతో కొలుస్తారు. నిరోధక రకంలో అది కొద్ది సెంటీమీటర్ల దగ్గరే ఆగుతుంది, లొంగే రకంలో జానెడు వరకు దిగుతుంది. ఈ పని పరిశోధనా క్షేత్రంలో చేయవలసినదే, కయ్యలో ఎవరూ చేయకూడదు.

గ్రాహకం కాని తోడుదారులు

ఎక్స్‌ఏ21 ఒక్కదాని మీదే ఆధారపడితే ఒక ప్రమాదం ఉంది. రాక్స్‌ఎక్స్ రూపం కాస్త మారిన బాక్టీరియా జాతులను ఎక్స్‌ఏ21 గుర్తుపట్టలేదు, అలాంటివి పొలాల్లోనే దొరికాయి. ఒకే జన్యువు ఉన్న రకాన్ని వేల ఎకరాల్లో ఏటా వేస్తే, తప్పించుకోగలిగిన జాతికే ఎదురు లేకుండా పోతుంది. ఎక్స్‌ఏ4 జన్యువున్న రకాల విషయంలో ఫిలిప్పీన్స్‌లో 1970ల్లో జరిగినది ఇదే.

అందుకే ప్రజనన శాస్త్రవేత్తలు వేరు వేరు పద్ధతుల్లో పనిచేసే జన్యువులను ఒకే రకంలో చేరుస్తారు. ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనేవి ఎక్స్‌ఏ21 పక్కన ఎక్కువగా వినిపించే పేర్లు. ఈ రెండూ గ్రాహకాలు కావు, బాక్టీరియాను గుర్తుపట్టేవీ కావు. బాక్టీరియా తన ప్రోటీన్లను వరి కణంలోకి పంపి, మొక్క చక్కెరను బయటికి వదిలేలా చేసే ఒక జన్యువును బలవంతంగా నడిపిస్తుంది, ఆ చక్కెరే దాని ఆహారమని భావిస్తారు. ఎక్స్‌ఏ13 ఉన్న మొక్కలో ఆ జన్యువు ముందుండే డీఎన్ఏ భాగం మారి ఉంటుంది కాబట్టి బాక్టీరియా ప్రోటీన్‌కు అక్కడ పట్టు దొరకదు. ఎక్స్‌ఏ5 ఉన్న మొక్కలో, జన్యువులను చదివే యంత్రాంగంలోని ఒక ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారి ఉంటుంది, దాంతో బాక్టీరియా ఆ యంత్రాంగాన్ని తన పనికి సరిగా వాడుకోలేదు. అంటే ఒకటి గుర్తుపట్టి పోరాడుతుంది, మిగిలిన రెండూ బాక్టీరియాకు కావలసినది దొరకకుండా చేస్తాయి. మూడింటినీ ఒకేసారి తప్పించుకోవాలంటే బాక్టీరియాలో ఒకటి కన్నా ఎక్కువ మార్పులు ఒకేచోట కలిసి రావాలి, అది అరుదు.

ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 రెండూ అంతర్గత జన్యువులు, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తేనే గుణం బయటపడుతుంది. సంకర వరిలో ఈ గుణం కావాలంటే జనక రకాలు రెండింటిలోనూ ఆ జన్యువు ఉండాలి. సొంత విత్తనం దాచుకునే రైతుకు కూడా దీనితో పని ఉంది, ఆ సంగతి కిందికి వస్తుంది.

మన కయ్యకు ఏ విత్తనం

బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, బాపట్లలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన రకం. బియ్యం నాణ్యతలో దానికి ఉన్న పేరు మన జిల్లాల్లో ఎవరికీ చెప్పనవసరం లేదు. ఎండాకు తెగులుకు అది తేలికగా లొంగుతుందన్నదీ అందరికీ తెలిసినదే. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయం (ఇప్పటి భారత వరి పరిశోధన సంస్థ), అక్కడే ఉన్న కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) కలిసి సాంబ మసూరిలోకి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 మూడింటినీ తెచ్చి ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అనే రకాన్ని తయారుచేశాయి. అది 2008లో విడుదలైంది. దాని మరో పేరు ఆర్‌పీ బయో 226. మూడు జన్యువులున్న దాత రకంతో సాంబ మసూరిని సంకరించి, వచ్చిన మొక్కలను మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలుపుతూ, ప్రతి తరంలోనూ డీఎన్ఏ మార్కర్లతో, అంటే జన్యువు ఉనికిని పట్టిచ్చే డీఎన్ఏ గుర్తులతో, ఏ మొక్కలో జన్యువులు నిలిచాయో చూసి ఎంచుకున్నారు. ఇది జన్యుమార్పిడి పంట కాదు, సంకరణం ద్వారా వచ్చినదే. ఈ బియ్యానికి గ్లైసెమిక్ సూచిక, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, తక్కువని తేలడంతో మధుమేహం ఉన్నవారు దీన్ని వెతుక్కుని కొంటున్నారు. మంచి గిరాకీయే గానీ మన విషయానికి అది అదనపు లాభం మాత్రమే.

విత్తనం కొనేటప్పుడు తెగులును తట్టుకుంటుందా అని అడిగితే సరైన జవాబు రాదు. ఏ తెగులును, ఏ జన్యువుతో అని అడగాలి. నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన నెల్లూరు మసూరి, అంటే ఎన్ఎల్ఆర్ 34449, అగ్గితెగులును తట్టుకునే రకంగా పేరు తెచ్చుకుంది. అగ్గితెగులు శిలీంధ్రానిది, దానిని గుర్తుపట్టే ప్రోటీన్లు వేరు, ఎండాకు తెగులు బాక్టీరియాను అవి గుర్తుపట్టవు. అలాగే ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలోని మూడు జన్యువులు అగ్గితెగులుకు గానీ, పాముపొడకు గానీ, సుడిదోమకు గానీ అడ్డుపడవు. చలి, మంచు ఎక్కువగా ఉండి ఏటా అగ్గితెగులు వచ్చే కయ్యకు ఒక రకం సరిపోతుంది, కాలువ చివర నీళ్లు నిలిచి ఎండాకు తెగులు వచ్చే కయ్యకు మరొకటి సరిపోతుంది. గడచిన రెండు మూడు పంటల్లో ఏది ఎక్కువ నష్టం చేసిందో గుర్తు చేసుకుని ఎంచుకోవాలి.

బస్తా మీద సాంబ మసూరి అని మాత్రమే ఉంటే అది మామూలు బీపీటీయే అనుకోవాలి. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అనో, ఆర్‌పీ బయో 226 అనో స్పష్టంగా ఉండాలి, ధ్రువీకరించిన విత్తనమైతే నీలం ట్యాగు ఉండాలి. ఆ ట్యాగును చింపి పారేయకుండా పంట అయ్యేదాకా దాచాలి.

గుణం పనిచేసేలా పైరును నడపడం

మంచి విత్తనం వేశాం కదా అని మిగిలినవి వదిలేయడం తరచుగా జరిగే పొరపాటు. ఎక్స్‌ఏ21 బలం మొక్క వయసుతో పెరుగుతుంది. రెండు మూడు ఆకుల దశలో అది దాదాపు లేనట్టే ఉండి, తొమ్మిది పది ఆకుల దశకు పూర్తిగా అందుతుంది. కాబట్టి నారుమడిని మామూలు బీపీటీ నారు వేసినంత జాగ్రత్తగానే చూసుకోవాలి. గతంలో తెగులు వచ్చిన కయ్యలో నారు పోయకూడదు, నారుమడిలో నీళ్లు ముంచి పెట్టకూడదు, తెగులు ఉన్న కయ్య నుంచి పారే నీటిని నారుమడిలోకి రానివ్వకూడదు.

నాటే ముందు నారు కొనలు తుంచే అలవాటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కాండం తొలుచు పురుగు గుడ్ల గుంపులను కొనల మీదే పెడుతుంది కాబట్టి కొనలు తుంచి నాటమని చెప్పే సలహా పురుగు వైపు నుంచి చూస్తే సరైనదే. కానీ తుంచిన ప్రతి కొనా బాక్టీరియాకు తెరిచిన గాయమే, అదీ గ్రాహకం ఇంకా బలం పుంజుకోని వయసులో. ఎండాకు తెగులు అలవాటుగా వచ్చే కయ్యలో కొనలు తుంచకుండా, గుడ్ల గుంపులున్న ఆకులను మాత్రం ఏరివేసి, పురుగు కోసం నారుమడిలోనే సిఫారసు చేసిన గుళికలు వేసుకోవడం మేలు. తెగులు ఎన్నడూ రాని కయ్యలో తుంచినా ఇబ్బంది ఉండదు. రెండు సలహాలూ నిజమే, ఏ కయ్యకు ఏది అన్నదే రైతు తేల్చుకోవాలి.

నత్రజని మోతాదు మించితే ఆకు మెత్తబడి, గుబురు పెరిగి, లోపలి తడి ఆరక తెగులుకు వీలు కలుగుతుంది. ఎక్స్‌ఏ21 ఉన్నా ఇది వర్తిస్తుంది, ఎందుకంటే గ్రాహకం వేసే కేకకు స్పందించవలసినది ఆ ఆకే. నత్రజనిని దుక్కిలో, పిలక దశలో, అంకురం ఏర్పడే దశలో మూడు భాగాలుగా వేయాలి. పైరు పచ్చగా కనబడాలన్న తాపత్రయంతో నాటిన నెలలోనే యూరియా బస్తాలు గుమ్మరించడం మన కాలువ కింద పొలాల్లో ఎక్కువ. మచ్చలు కనిపించిన మరుక్షణం మిగిలిన యూరియాను ఆపేయాలి. పొటాష్‌ను దుక్కిలో సగం, అంకురం దశలో సగం వేయడం మరవకూడదు.

కయ్య నుంచి కయ్యకు నీళ్లు పారించే మన పద్ధతిలో పై కయ్యలో తెగులు వస్తే కింది కయ్యకు చేరడానికి ఒక్క తడి చాలు. కాలువ నుంచి నేరుగా మడవ పెట్టుకునే వీలుంటే అది చేయాలి. లేకపోతే పై కయ్యలో తెగులు కనిపించినన్నాళ్లు ఆ నీటిని పక్క నుంచి మురుగు కాలువలోకి మళ్లించడానికి పై రైతుతో మాట్లాడుకోవాలి. తుఫాను వెలిసిన వెంటనే నీళ్లు తీసివేసి, కయ్యను ఒకటి రెండు రోజులు ఆరబెట్టాలి. ఆకులు తడిగా ఉన్నప్పుడు కలుపు తీయడానికి కయ్యలోకి దిగకూడదు, తెగులున్న కయ్య నుంచి తెగులు లేని కయ్యకు ఆ బట్టలతోనే వెళ్లకూడదు. ఎడగారు కోతయ్యాక దుబ్బులను దున్ని కలిపేయాలి, గెనిమల మీది గడ్డిని చెక్కాలి.

యాంటీబయాటిక్ మందులు చల్లడం గురించి ఒక మాట. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన పొడిని ఈ తెగులుకు చల్లడం చాలా ఏళ్లుగా ఉంది. నాళాల్లో ఉన్న బాక్టీరియాను అది తుడిచిపెట్టలేదు, పైగా మనుషుల జబ్బులకు వాడే మందులకు బాక్టీరియా అలవాటు పడే ప్రమాదాన్ని అది పెంచుతుంది. దానికి పెట్టే డబ్బును వచ్చే పంట విత్తనానికి దాచుకోవడం తెలివైన పని.

గుణం నిలిచి ఉందో లేదో చూసుకోవడం

తొలిసారి ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వేసినప్పుడు, కయ్య ఒక మూల నాలుగైదు చాళ్లు మామూలు బీపీటీ నాటడం మంచిది. తెగులు వచ్చిన ఏడాది రెండింటి తేడా కంటికే కనిపిస్తుంది. ఆ ఏడాది బీపీటీ చాళ్లు కూడా పచ్చగానే ఉంటే, తెగులు రాలేదని అర్థమే తప్ప విత్తనం గొప్పదని అర్థం కాదు. ఆ చాళ్ల గింజలను వేరుగా కోసి తిండికి వాడుకోవాలి, విత్తనంలో కలపకూడదు.

వరి స్వపరాగ సంపర్కం జరిగే పంట కాబట్టి రెండు మూడు పంటల వరకు సొంత విత్తనం దాచుకోవచ్చు. అయితే నూర్పిడి యంత్రంలో, కళ్లంలో, బస్తాల్లో మామూలు బీపీటీ గింజలు కలిస్తే రెండు రకాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఎవరూ కనిపెట్టలేరు. ఆ కలిసిన మొక్కలే తెగులుకు లొంగి చుట్టుపక్కల బాక్టీరియాను పెంచుతాయి. అరుదుగా పుప్పొడి కలిస్తే, పుట్టే మొక్కలో అంతర్గత జన్యువులైన ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 గుణం కనబడకుండా పోయి, ఎక్స్‌ఏ21 ఒక్కటే మిగులుతుంది. అందుకని విత్తనం కోసం కయ్య నడిమి భాగాన్ని ముందే గుర్తుపెట్టుకుని, అంచులు వదిలేసి, చేత్తో కోసి, వేరుగా కొట్టి, వేరుగా ఆరబెట్టాలి. ఆ తరువాత ధ్రువీకరించిన విత్తనానికి మారాలి. విత్తనాన్ని పెద్ద ఎత్తున ఉత్పత్తి చేసేవారు మూడు జన్యువులూ ఉన్నాయో లేదో డీఎన్ఏ మార్కర్ల పరీక్షతో తేల్చుకోవడం అవసరం, కంటి చూపుతో తేలే విషయం కాదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా నిరోధక రకంలో మచ్చలు ఆకు పొడవునా దిగుతుంటే, విత్తనం కలిసిపోయిందా లేక బాక్టీరియాలో కొత్త జాతి వచ్చిందా అన్నది తేలవలసిన విషయం. కయ్యలో అక్కడక్కడ ఒక్కో దుబ్బు మాత్రమే ఎండి, పక్క దుబ్బులు పచ్చగా ఉంటే విత్తనం కల్తీ అనుకోవచ్చు. వరుసగా దుబ్బులన్నీ ఒకే తీరుగా ఎండుతుంటే జాతి మారిందని అనుమానించాలి. అప్పుడు మచ్చ కొత్తగా మొదలైన ఆకులను పది పన్నెండు కోసి, తడి తుడిచి, ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితపు కవరులో పెట్టి, ఆ రోజే రైతు సేవా కేంద్రం ద్వారా గానీ నేరుగా గానీ పరిశోధన స్థానానికి పంపాలి. కవరు మీద రకం పేరు, విత్తనం ట్యాగు మీది నంబరు, నాటిన తేదీ, పైరు దశ, యూరియా ఎప్పుడు ఎంత వేశారో, తొలి మచ్చ కయ్యలో ఏ మూల ఏ తేదీన కనిపించిందో రాసి పంపితే, అక్కడివారు పరీక్షను ఎక్కడ మొదలుపెట్టాలో వెంటనే తేల్చుకోగలుగుతారు.